ఎకో రిపోర్టులో ఆ 64 ఎక్కడిది?

నాలుగేళ్ల మనవరాలి ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) రిపోర్టు చూసి ఒకాయన అడిగారు: "పల్మనరీ స్టెనోసిస్, గ్రేడియెంట్ 64 అని రాశారు. సూదైనా గుచ్చకుండా గుండె లోపలి ప్రెషర్ ఎలా తెలిసిందండీ?"

గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే చోట ఉండే కవాటం రేకులు కొందరికి పుట్టుకతోనే అంచుల దగ్గర అతుక్కుని ఉండి దారి ఇరుకవుతుంది. పల్మనరీ స్టెనోసిస్ అంటే ఇదే. (గ్రహణం రోజు తల్లి బయటికి రావడం వల్ల కాదు. ఆ తల్లిని ఇకనైనా సాధించడం మానండి.)

మొక్కలకు నీళ్లు పెట్టే పైపు మూతిని వేలితో నొక్కితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి. ఇరుకు కవాటంలో రక్తమూ అంతే. ఎకో కొలిచేది ఆ వేగాన్నే, ప్రెషర్‌ని కాదు. మిగతాది బెర్నౌలీ లెక్క: కవాటానికి ముందూ తర్వాతా ఉండే ప్రెషర్ తేడా (రిపోర్టులోని గ్రేడియెంట్ ఇదే) అంటే సాంద్రతలో సగం ఇంటూ వేగం వర్గం. రక్తం సాంద్రత ఘనమీటరుకు 1060 కిలోలు, అందులో సగం 530. జవాబు పాస్కల్స్‌లో వస్తుంది. ఒక మిల్లీమీటరు పాదరసం 133 పాస్కల్స్ కాబట్టి 530ని 133తో భాగిస్తే 3.98, అంటే ఇంచుమించు 4. ఇక వేగం వర్గాన్ని 4తో గుణిస్తే చాలు! సెకనుకు 3 మీటర్లయితే 36, 4 మీటర్లయితే 64. 36 లోపు స్వల్పం, 64 దాటితే తీవ్రం అనే వింత హద్దులు ఇలా పుట్టినవే. ఇంటర్‌లో బెర్నౌలీ అనగానే విమానం రెక్క గీసి వదిలేస్తారు, అదీ నా బాధ.

వర్గం ఉంది కాబట్టి చిన్న తేడా కూడా పెద్దదవుతుంది. ఛాతీ మీద పెట్టే ఎకో పరికరం (ప్రోబ్) రక్తం పోయే దిశ నుంచి 20 డిగ్రీలు పక్కకు పోతే వేగం 6 శాతం, ప్రెషర్ 12 శాతం తక్కువ కనిపిస్తాయి. పాప గుక్కపట్టి ఏడిస్తే రక్తప్రవాహం పెరిగి అంకె పైకి పోతుంది. సెల్‌ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ ఎకో తీసేది అందుకే.

చికిత్సకు చాలామందికి ఛాతీ కోయక్కర్లేదు. 1982లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో జీన్ కాన్ బృందం చూపించిన పద్ధతి ఇది: గజ్జల దగ్గరి సిర గుండా బెలూన్‌ను కవాటం దాకా పంపి ఉబ్బిస్తారు. ఎక్స్‌రే తెర మీద బెలూన్ మధ్యలో నొక్కు కనిపిస్తుంది. అతుకు తెగగానే అది చటుక్కున మాయమవుతుంది. కవాటం వలయానికి 1.2 నుంచి 1.25 రెట్ల బెలూన్ చాలని తేల్చినవారిలో పిల్లల గుండె వైద్యుడు పి. శ్యామసుందరరావు ముఖ్యులు. నూనన్ సిండ్రోమ్ అనే జన్యు సమస్య ఉన్న పిల్లల్లో తరచు రేకులే మందంగా ఉంటాయి, అక్కడ బెలూన్ అంతగా పనిచేయదు. ఆపరేషన్ కావాల్సి రావచ్చు.

బెలూన్ వేసిన మర్నాడు గ్రేడియెంట్ ఇంకా ఎక్కువే ఉన్నా టెన్షన్ పడకండి. ఇన్నాళ్లూ గట్టిగా నెట్టి నెట్టి కవాటం కింద దళసరెక్కిన కండరం ఇంకా బిగుసుకుంటూ ఉండవచ్చు. దానికి ప్రొప్రనొలాల్ లాంటి మందు ఇస్తారు. కండరం కొన్ని నెలల్లో పలచబడుతుంది, అంకె కూడా దిగుతుంది.