చలికాలం కరెంటు బిల్లు: గీజర్, హీటర్, మీటర్ మీద అపోహలు - వాస్తవాలు

"ఫ్యాన్లు తిరగడం లేదు, ఏసీ ఆపేసి నెలలైంది, మరి బిల్లు ఇంతెందుకు వచ్చింది?" చలి మొదలైన దగ్గర్నుంచీ నాకు ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. ఇళ్లలో వైరింగ్ పనులు, గీజర్ రిపేర్లు చేయడం, బిల్లు ఎక్కడ పెరిగిందో వెతికిపెట్టడం నా వృత్తి. అడిగేవాళ్ల దగ్గర జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది: మీటరు తేడాగా ఉంది, ఫ్రిజ్ పాతదైపోయింది, పిల్లలు ఛార్జర్లు పీకడం లేదు. గీజర్ పేరు చివర్లో ఎక్కడో వస్తుంది. రూమ్ హీటర్ సంగతి మనం గుచ్చి గుచ్చి అడిగితే తప్ప బయటపడదు.

1000 వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుని రోజుకి 5 గంటల చొప్పున నెలంతా వెలిగిస్తే 1.35 యూనిట్లు అవుతుంది. 2000 వాట్ల గీజర్ ముప్పావుగంట వేడెక్కితే 1.5 యూనిట్లు. అంటే ఆ బల్బు నెల రోజుల ఖర్చుని గీజర్ ఒక్క పూటలో దాటేస్తుంది. చలికాలం బిల్లులో వెతకాల్సింది వేడి పుట్టించే వస్తువుల్నే. మిగతావన్నీ తర్వాత.

అపోహ: "గీజర్ అదే, మనుషులు అంతమందే. కాబట్టి పెరిగింది గీజర్ వల్ల కాదు."

860 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక యూనిట్ పడుతుంది. ఈ 860 అంకె ఒక్కటి గుర్తుంటే చాలు, మిగతాదంతా కూడికలూ గుణింతాలే. ఎండాకాలంలో పంపు నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకోండి. స్నానానికి 40 డిగ్రీలు కావాలంటే 12 డిగ్రీలు పెంచితే సరిపోతుంది. చలికాలంలో అవే నీళ్లు 16 డిగ్రీలకు పడిపోతే 24 డిగ్రీలు పెంచాలి. అంటే ఏ అలవాటూ మారకుండానే ఒక్కో స్నానం ఖర్చు రెట్టింపైంది.

పైగా అలవాట్లు మారకుండా ఉండవు. వేసవిలో చన్నీళ్లతో కానిచ్చేవాళ్లు కూడా ఇప్పుడు వేడినీళ్ల కిందే నిలబడతారు, అదీ ఇంకాస్త ఎక్కువసేపు. నిమిషానికి 8 లీటర్లు వదిలే షవర్ కింద 10 నిమిషాలు నిలబడితే 80 లీటర్లు. 80ని 24తో గుణించి 860తో భాగిస్తే 2.2 యూనిట్లు వస్తుంది. 18 లీటర్ల బకెట్‌తో స్నానం ముగిస్తే అదే లెక్కన అర యూనిట్. నలుగురున్న ఇంట్లో నెలకి ఒక పద్ధతిలో 270 యూనిట్ల దాకా, ఇంకో పద్ధతిలో 60. ఇంట్లో మరే మార్పుతోనూ ఇంత తేడా వచ్చిన సందర్భం నేను చూడలేదు. బకెట్ వద్దనుకునేవాళ్లు నిమిషానికి 5 లీటర్లు వదిలే షవర్ తల పెట్టించుకుంటే షవర్ ఖర్చులో మూడో వంతు పైనే తగ్గుతుంది.

అపోహ: "గీజర్‌ని మాటిమాటికీ ఆన్, ఆఫ్ చేస్తే కరెంటు ఎక్కువ లాగుతుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉంచడమే మేలు."

గీజర్‌లో మోటారు లేదు, మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగడానికి. అందులో ఉన్నది ఎలిమెంట్, అంటే కరెంటుతో వేడెక్కే కడ్డీ. స్విచ్ వేసిన క్షణం నుంచి ఆపేదాకా అది తీసుకునేది దాదాపు ఒకే మోతాదు. ఆన్‌లో వదిలేసిన ట్యాంకు మాత్రం ఎవరూ వాడకపోయినా గోడల గుండా వేడిని పోగొట్టుకుంటూ, మళ్లీ మళ్లీ వేడెక్కుతూ ఉంటుంది. మామూలు 15-25 లీటర్ల ట్యాంకు 60 డిగ్రీల దగ్గర రోజంతా ఉంటే, లోపలి ఇన్సులేషన్‌ని బట్టి, ఇలా అర యూనిట్ నుంచి ఒక యూనిట్ దాకా ఊరికే పోతుంది. ఆఫ్ చేస్తే ఇందులో చాలా భాగం మిగులుతుంది. పూర్తిగా మిగలదు, ఎందుకంటే ఆఫ్‌లో ఉన్నా ట్యాంకు చల్లారుతూనే ఉంటుంది.

అయితే ఆన్‌లో ఉంచడమే పాపం అన్నట్టు, స్విచ్ ఆఫ్ చేయలేదని ఇంట్లో గొడవలు పడేవాళ్లనీ చూస్తుంటాను. ట్యాంకు దగ్గర రోజుకి ఒక యూనిట్ లోపు విషయానికి యుద్ధం జరుగుతుంటుంది, అవతల షవర్ కింద రెండేసి యూనిట్లు మోరీలోకి పోతుంటాయి.

ఎంత ముందు ఆన్ చేయాలి? 15 లీటర్లు, 2000 వాట్లు, నీళ్లు 20 నుంచి 60 డిగ్రీలకు. 15ని 40తో గుణించి 860తో భాగిస్తే 0.7 యూనిట్. 2000 వాట్లకి అది 21 నిమిషాల పని. గంట ముందే వేసిపెట్టుకోవాల్సిన అవసరం ఏమీ లేదు.

పొదుపు పేరుతో థర్మోస్టాట్‌ని (నీటి వేడిని గమనించి ఎలిమెంట్‌ని ఆన్, ఆఫ్ చేసే భాగాన్ని) మరీ కిందికి, 40 దగ్గరికి తిప్పి రోజుల తరబడి వదిలేయకండి. గోరువెచ్చటి నీరు నిలవ ఉన్న ట్యాంకులో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. 60 దగ్గర అది బతకదు. వాడేముందు అంతవరకూ వేడెక్కించి, చన్నీళ్లు కలుపుకొని వాడి, ఆఫ్ చేయండి.

అపోహ: "హీటర్ రాడ్ కరెంటు తాగేస్తుంది. ఇన్‌స్టంట్ గీజర్ అయితే ఆదా."

రెండూ కరెంటుని వేడిగా మార్చేవే, రెండూ దాదాపు నూటికి నూరు పాళ్లూ మారుస్తాయి. 20 లీటర్లని 20 డిగ్రీలు పెంచాలంటే దేనితో చేసినా అర యూనిట్‌కి కాస్త తక్కువ. ఇన్‌స్టంట్ గీజర్ నీళ్లని పెద్దగా నిలవ పెట్టకుండా అప్పటికప్పుడు కాస్తుంది కాబట్టి నిలవ నష్టం దాదాపు లేదు, అంతవరకు లాభమే. రాడ్ మీద నాకున్న అభ్యంతరం బిల్లు కోసం కాదు. ప్లగ్ పీకకుండా నీళ్లు వేడెక్కాయో లేదో చేతితో చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. షాక్ కొట్టే అవకాశం అక్కడే ఉంది.

నిజంగా తక్కువ కరెంటుతో నీళ్లు కాచేది హీట్ పంప్ వాటర్ హీటర్ ఒక్కటే. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని లాక్కొచ్చి నీటికి ఇస్తుంది. అందుకే మూడో వంతు కరెంటుతో పని అయిపోతుంది. కొనేటప్పుడు ధర ఎక్కువ, చోటు కూడా కావాలి.

అపోహ: "ఎలిమెంట్‌కి ఉప్పు గార పట్టింది, అందుకే బిల్లు రెట్టింపైంది."

మా వృత్తిలో ఉన్నవాళ్లే ఎక్కువగా చెప్పే మాట ఇది. సర్వీసింగ్‌కి ఒప్పించడానికి పనికొస్తుంది కదా మరి. గార పట్టిన ఎలిమెంట్ నీటి మధ్యలోనే ఉంది, దాని వేడి ఎటూ పోదు. కాస్త ఆలస్యంగానైనా నీటికే చేరుతుంది. గార వల్ల అసలు నష్టం వేరు: లోపల వేడి చిక్కుకుని ఎలిమెంట్ కాలిపోతుంది, పైతొడుగు పగులుతుంది, పగిలినచోటి నుంచి కరెంటు నీటిలోకి లీకవుతుంది. నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో గీజర్‌ని ఏటా శుభ్రం చేయించమని నేను చెప్పేది ఇందుకే, బిల్లు సగమవుతుందని కాదు.

అపోహ: "సోలార్ వాటర్ హీటర్ ఉంది కాబట్టి నీళ్లకి కరెంటు ఖర్చు లేదు."

ఆ ట్యాంకులో ఎలక్ట్రిక్ బ్యాకప్ ఉందో లేదో చూడండి. చాలావాటికి ఉంటుంది, దాని స్విచ్ ఎక్కడో మూల ఎప్పటినుంచో ఆన్‌లోనే ఉంటుంది. సాయంత్రం వేడినీళ్లు వాడేశాక ట్యాంకులోకి చన్నీళ్లు చేరతాయి, థర్మోస్టాట్ అది గమనించి రాత్రంతా కరెంటుతో వేడెక్కిస్తుంది. పొద్దున సూర్యుడు వచ్చేసరికి ఆయనకి చేయడానికి పనే ఉండదు. 100 లీటర్లని 18 నుంచి 50 డిగ్రీలకు తెస్తే 3.7 యూనిట్లు, ఒక్క రాత్రికి. బ్యాకప్‌ని ఆఫ్‌లో ఉంచి, మబ్బు పట్టి నీళ్లు చాలినంత వేడెక్కని రోజే వాడకానికి ముందు వేసుకోండి. మరిచిపోతాం అనుకుంటే టైమర్ పెట్టించుకోవచ్చు.

అపోహ: "ఆయిల్ హీటర్ తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇస్తుంది."

ఆయిల్, హాలోజెన్, సిరామిక్, ఫ్యాన్ ఉన్నది, లేనిది, డబ్బా మీద ఏం రాసి ఉన్నా, 1500 వాట్ల హీటర్ గంటకి 1.5 యూనిట్లే తీసుకుంటుంది, అంతే వేడి ఇస్తుంది. రోజుకి 6 గంటలు వాడితే నెలకి 270 యూనిట్లు. తేడా అంతా ఆ వేడి ఎలా వస్తుందన్నదాంట్లోనే. ఎర్రగా వెలిగేది ఎదురుగా కూర్చున్న మనిషిని వెంటనే వెచ్చబరుస్తుంది, ఆపితే చలి మళ్లీ వస్తుంది. ఆయిల్‌ది నిదానంగా ఎక్కి నిదానంగా దిగుతుంది. రాత్రి పడుకునేటప్పుడు ఆయిల్‌ది నయం, పది నిమిషాలు బట్టలు మార్చుకోవడానికి అది దండగ.

నాబ్‌ని 30 మీద పెడితే గది త్వరగా వేడెక్కుతుందన్నది కూడా భ్రమే. 1500 వాట్ల హీటర్ 22 మీద పెట్టినా అదే వేగంతో వేడెక్కిస్తుంది. 30 మీద పెడితే ఆగాల్సినచోట ఆగదు, అంతే. గది నుంచి బయటికి పోయే వేడి, లోపలికీ బయటికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. బయట 8, లోపల 22 ఉంటే తేడా 14. లోపల 20కి దించితే 12. రెండు డిగ్రీలతో నష్టంలో ఏడో వంతు తగ్గింది. ఇదే కారణంగా, "ఆపి మళ్లీ వేస్తే ఎక్కువవుతుంది, ఎప్పుడూ నడవనివ్వాలి" అన్న మాట కూడా నిలవదు. గదిని చల్లారనిచ్చిన ప్రతి గంటా నష్టం తగ్గుతుంది.

తలుపు కింద వేలు దూరేంత సందు ఉంచి హీటర్ వేయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. రాత్రి కిటికీల దగ్గర అరచేయి పెట్టి చూడండి, చల్లగాలి ఎక్కడ నుంచి వస్తోందో చేతికే తెలుస్తుంది. అక్కడ రబ్బరు పట్టీ, మందపాటి కర్టెన్ చాలు. ఇంకా చవకైన దారి గదిని వదిలేసి మనిషిని వెచ్చగా ఉంచడం: 100 వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటి రోజుకి 6 గంటలు వాడితే నెలకి 18 యూనిట్లు. పైన 270 చూశారు కదా. హీటింగ్ మోడ్ ఉన్న ఏసీ ఇంట్లో ఉంటే మామూలు చలిలో అదే వేడిని హీటర్ తీసుకునేదాంట్లో మూడో వంతు కరెంటుతో ఇస్తుంది. బయట చలి ముదిరేకొద్దీ ఈ లాభం తగ్గుతూ వస్తుంది.

ఒక్క మాట కటువుగానే చెబుతాను. కరెంటు ఆదా అని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

అపోహ: "మీటరు వేగంగా తిరుగుతోంది."

ఒక్కోసారి నిజమే కావచ్చు, కానీ ముందు బిల్లుని పూర్తిగా చదవండి. 30 రోజులకి బదులు 36 రోజులకి తీసిన రీడింగా? రీడింగ్ తీయకుండా అంచనా వేసి పంపిన బిల్లా? యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే స్లాబులు ఉన్నచోట ఈ ఆరు రోజులే బిల్లుని పై మెట్టు ఎక్కించగలవు.

తర్వాత మీటర్‌ని మీరే పరీక్షించవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది, పక్కనే యూనిట్‌కి 1600 అనో 3200 అనో పల్స్‌ల సంఖ్య ముద్రించి ఉంటుంది. ఇంట్లో అన్నీ ఆపేసి 2000 వాట్ల గీజర్ ఒక్కటే వేయండి, అది వేడెక్కుతున్నట్టు దాని లైటు వెలగాలి. 3200 మీటరైతే నిమిషానికి సుమారు 107 మెరుపులు రావాలి, 1600 అయితే 53. కళ్లతో లెక్కపెట్టడం కష్టమైతే ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా చూసుకోండి. వోల్టేజి తక్కువగా ఉంటే గీజరే తక్కువ లాగుతుంది, మెరుపులూ తగ్గుతాయి, అది మీటరు తప్పు కాదు. లెక్క కంటే బాగా ఎక్కువ వస్తేనే ఫిర్యాదు చేయండి, ఆ వీడియోతో సహా.

అన్ని వస్తువుల ప్లగ్గులూ పీకి స్విచ్‌లన్నీ ఆపినా లైటు మెరుస్తూనే ఉంటే విషయం వేరు. ఎక్కడో లీకేజీ, లేదా మీ లైను మీద ఇంకెవరి వాడకమో. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఆలస్యం చేయకండి.

అపోహ: "ఛార్జర్లు పీకేస్తే, ఫ్రిజ్ ఆపేస్తే బిల్లు తగ్గుతుంది."

ఫోన్ లేకుండా ప్లగ్‌లో ఉన్న ఛార్జర్ అర వాట్ తీసుకున్నా నెలకి 0.36 యూనిట్. ఇప్పటివి అంత కూడా తీసుకోవు. సెట్‌టాప్ బాక్స్ కొంచెం వేరు, 10 వాట్ల చొప్పున రోజంతా ఉంటే నెలకి 7 యూనిట్లు, దాన్ని ఆపడం అర్థవంతమే. ఫ్రిజ్ చలికాలంలో తనంతట తానే తక్కువ వాడుతుంది. నాబ్‌ని ఒక అంకె తగ్గించండి చాలు. వాషింగ్ మెషీన్‌లో మాత్రం వేడినీళ్ల సెట్టింగ్ ఉందేమో చూడండి, దాని ఖర్చులో ఎక్కువ భాగం నీళ్లు కాచడానికే పోతుంది.

అపోహ: "ప్లగ్‌లో పెట్టే పవర్ సేవర్‌తో బిల్లు 30 శాతం తగ్గుతుంది."

విప్పి చూస్తే లోపల ఒక కెపాసిటర్, ఒక ఎల్‌ఈడీ. కెపాసిటర్ పవర్ ఫ్యాక్టర్‌ని (లాగే కరెంటులో నిజంగా పనికి వాడే పాలుని) సరిచేస్తుంది, నిజమే. ఇళ్ల మీటర్లు సాధారణంగా కొలిచేది నిజంగా ఖర్చైన కిలోవాట్ అవర్లని, అంటే యూనిట్లని, పవర్ ఫ్యాక్టర్‌ని కాదు. పైగా గీజర్, హీటర్‌ల పవర్ ఫ్యాక్టర్ ఎప్పుడూ ఒకటికి దగ్గరే, అక్కడ సరిచేయడానికి ఏమీ లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2009లో ఇలాంటి పరికరాలని పరిశీలించి, ఇళ్లలో వీటివల్ల బిల్లు తగ్గదనే తేల్చింది. ఆ డబ్బుతో తలుపు కింద రబ్బరు పట్టీ వేయించుకోవచ్చు, నీళ్లు తక్కువ వదిలే షవర్ తలా కొనుక్కోవచ్చు.

హీటర్‌నో గీజర్‌నో సన్నపాటి ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించి ఉంటే మాత్రం ఈరోజే తీసేయండి. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. అరగంట నడిచాక స్విచ్ ఆపి ప్లగ్ ముట్టుకుంటే కాలుతున్నట్టు ఉందా, సాకెట్ అంచులు పసుపు రంగుకో నలుపుకో తిరిగాయా, అక్కడ పట్టు వదులైంది. సాకెట్ మార్పించి, మందపాటి వైరుతో నేరుగా లైను ఇప్పించాకే మళ్లీ వాడండి.