నాక్సోస్ వెండి నాణెం గొడవ: అసలు కథ క్రీ.పూ. 403లో ఉంది

2023 జనవరిలో లండన్ వేలం సంస్థ ఓనర్ ఒకాయన్ని న్యూయార్క్‌లో అరెస్ట్ చేసినప్పుడు అందరూ జూలియస్ సీజర్‌ని చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్ బంగారు నాణెం గురించే మాట్లాడారు, కానీ అదే కేసులో ఇటలీ దీవి సిసిలీలోని నాక్సోస్ అనే పాత గ్రీకు ఊరి వెండి నాణెం కూడా ఉంది. ఇప్పుడు పాత నాణేల అమ్మకాల మీద వాదన మళ్లీ మొదలైంది కాబట్టి ఆ ఊరి సంగతి చెప్పుకోవాలి.

గ్రీకులు సిసిలీకి ఎలా వచ్చి ఈ ఊరు కట్టారు అన్నదంతా వదిలేద్దాం. ఆ దీవిలో చెప్పుకోదగ్గ వెండి గనులే లేవు. అయినా నాక్సోస్ వాళ్లు క్రీ.పూ. 6వ శతాబ్దంలోనే సొంత నాణేలు కొట్టారు, ఒకవైపు ద్రాక్షసారా దేవుడు డయోనిసస్, రెండోవైపు ద్రాక్షగుత్తి, అంటే ఊరి సంపద ఎక్కడిదో నాణెమే చెప్తుంది, వెండి మాత్రం బయటనుంచి రావాల్సిందే. 476లో సిసిలీలోనే ఇంకో గ్రీకు ఊరైన సిరక్యూస్ పాలకుడు హియెరాన్ జనాన్ని మొత్తం లియోంటినోయ్ అనే వేరే ఊరికి తరిమేశాడు, 461లో తిరిగొచ్చాక సుమారు 17 గ్రాముల పెద్ద నాణెం కొట్టారు, దాని మీద గిన్నె పట్టుకుని గొంతుక్కూర్చున్న, డయోనిసస్ వెంట తిరిగే సైలీనస్ బొమ్మ చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నా లెక్కలో అసలు మలుపు 403. అంతకుముందు సిరక్యూస్ మీద ఏథెన్స్ చేసిన దండయాత్రలో నాక్సోస్ ఏథెన్స్ వైపు నిలబడింది, సిరక్యూస్ అది మర్చిపోలేదు. ప్రొక్లీస్ అనే సొంత మనిషే ఊరిని శత్రువుకి అమ్మేస్తే సిరక్యూస్ పాలకుడు డయోనీసియస్ గోడలు, ఇళ్లు పడగొట్టి జనాన్ని బానిసలుగా అమ్మేశాడు. మిగిలినవాళ్ల కోసం 358లో పక్కనే కొండమీద తావ్రొమెనియోన్ అనే కొత్త ఊరు కట్టారు. పాత ఊరు మళ్లీ ఊరుగా లేవలేదు. నాక్సోస్ తన గురించి తాను రాసుకున్న చరిత్ర ఒక్కటీ మనదాకా రాలేదు, అందుకే అక్కడి మట్టీ, నాణేలే దాని సాక్ష్యం.

సేకర్తలేమో నాణెం చేతులు మారడానికే పుట్టింది, ఇలాంటి నాణేలు లక్షల్లో ఉన్నాయి కదా అంటారు. సరే, కానీ 1980లో సిసిలీలోని ఎట్నా అగ్నిపర్వతం పక్కన రందాజో ఊరి దగ్గర దొరికిన వందల వెండి నాణేల నిధి మార్కెట్లో చెల్లాచెదురైంది. ఏ కుండలో, ఏ నాణెం పక్కన ఏది ఉందో తెలిస్తేనే ఎవరు ఎవరితో వ్యాపారం చేశారో, ఏది ముందు కొట్టారో తేలుతుంది, విడిగా అమ్మితే ఆ సమాచారం శాశ్వతంగా పోతుంది. సిసిలీ పురావస్తు వాళ్ల బాధ ఇదే, నాకు అది పూర్తిగా న్యాయంగానే కనిపిస్తుంది.

ఇటలీలో 1909 చట్టం నుంచి భూమిలో దొరికింది ప్రభుత్వానిదే. 2011లో అమెరికా కూడా ఇటలీ పాత నాణేల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. కాబట్టి నాణెం ఎప్పుడు, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పే కాగితాలే ఇప్పుడు కీలకం, న్యూయార్క్ కేసులో ఆరోపణ కూడా ఆ కాగితాలు దొంగవనే.