థాయ్‌లాండ్ చిన్న దీవులు: అపోహలు - వాస్తవాలు

తెలుగు రాష్ట్రాల నుంచి చిన్న గ్రూపులను థాయ్‌లాండ్ దీవులకు తీసుకెళ్లడం నా పని. ఫోన్ చేసేవాళ్లు మొదట అడిగేది "తలకు ఎంతవుతుంది?", రెండోది "హోటల్ బీచ్ పక్కనేనా?". ఏ నెలలో వెళ్లాలనుకుంటున్నారో మాత్రం మనం అడిగితే గానీ చెప్పరు. అక్కడ ట్రిప్పు బాగుండటం, పాడవడం చాలావరకు ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: "డిసెంబర్, జనవరిల్లో వెళ్తే ఏ దీవి అయినా బాగుంటుంది. వానాకాలంలో ఎక్కడికీ వెళ్లకూడదు."

వాస్తవం: దక్షిణ థాయ్‌లాండ్‌కు రెండు వైపులా సముద్రమే. పడమట అండమాన్ సముద్రంలో ఫుకెట్, ఫిఫీ, లాంటా, లిపే, సిమిలాన్ ఉన్నాయి. తూర్పున గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో సముయి, ఫంగాన్, తావ్ ఉన్నాయి. ఈ రెండు వైపుల వానాకాలాలు వేరు. మనకు వానలు తెచ్చే నైరుతి ఋతుపవనాలే మే నుంచి అక్టోబర్ దాకా పడమటి దీవులను తడుపుతాయి. తూర్పు దీవులకు అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అందులోనూ నవంబర్‌లో ఎక్కువ. నెల్లూరుకు నవంబర్‌లో వానలు ఎందుకు పడతాయో సముయికీ అందుకే పడతాయి. ఈశాన్యం నుంచి వీచే గాలి సముద్రం మీద తేమ పట్టుకొచ్చి తూర్పు తీరం మీద దించుతుంది. నెల్లూరు వాళ్లకు ఈ ఒక్క ముక్క చెబితే చాలు, మిగతాది వాళ్లే చెప్పేస్తారు.

మన సెలవుల లెక్కలో చూస్తే ఇలా ఉంటుంది. సంక్రాంతికి పడమటి వైపు కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. సముయి వైపు అప్పటికి వానలు తగ్గుతాయి గానీ సముద్రం ఇంకా కాస్త ఊగుతూ ఉండొచ్చు. పిల్లల వేసవి సెలవుల్లో, అంటే మే నెలలో, ఫుకెట్ వైపు కెరటాలు మొదలవుతాయి కాబట్టి సముయి, ఫంగాన్, తావ్ మేలు. దసరాకు పడమటి వైపు వానలు గట్టిగా ఉంటాయి. పైగా ఫుకెట్ ప్యాకేజీలు చవగ్గా దొరికేవి కూడా అప్పుడే. ఎందుకు చవకో అడిగేవాళ్లు తక్కువ. కో చాంగ్, కో కూడ్ (కో అంటే థాయ్‌లో దీవి) గల్ఫ్‌లోనే ఉన్నా, కంబోడియా దగ్గరున్న ఆ మూలకు నైరుతి వానలే పడతాయి. మ్యాప్‌లో తూర్పున కనిపిస్తున్నాయని మోసపోకండి.

నిజానికి వాన పెద్ద సమస్య కాదు. దంచి కొట్టి, గంటా రెండు గంటల్లో వెలిసిపోయే రోజులే ఎక్కువ. ఇబ్బంది కెరటంతో వస్తుంది. మే నుంచి అక్టోబర్ దాకా ఫుకెట్ పడమటి బీచ్‌లు పటాంగ్, కరోన్, కాటాల్లో ఎర్ర జెండాలు ఎగురుతుంటాయి. నడుము లోతులో నిలబడ్డ మనిషిని కూడా లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి. సిమిలాన్, సూరిన్ దీవుల పార్కులను ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా పూర్తిగా మూసేస్తారు. లిపే, లాంటా వైపు బోట్లు తగ్గుతాయి, కొన్ని హోటళ్లు తాళం వేసుకుంటాయి. 2018 జూలై 5న ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే టూరిస్టు బోటు మునిగి 47 మంది చనిపోయారు. అందరూ చైనా నుంచి వచ్చిన పర్యాటకులే. ఆ రోజు సముద్రం బాగాలేదన్న హెచ్చరిక ముందే ఉంది. మీ బోటు రద్దయిందని జెట్టీలో చెబితే దయచేసి గొడవ పెట్టుకోకండి.

అపోహ: "ఐదు రోజుల్లో ఫుకెట్, క్రాబి, సముయి మూడూ చుట్టేయొచ్చు."

వాస్తవం: ఫుకెట్, క్రాబి పక్కపక్కనే, సరే. ఫుకెట్ నుంచి సముయికి రోడ్డు మీద వెళ్లాలంటే సూరత్ థానీ దాకా బస్సు లేదా వ్యాన్, అక్కడ డోన్సాక్ జెట్టీలో ఫెర్రీ. రోజంతా దానికే పోతుంది. నేరుగా విమానం ఉంది, గంటలోపే దిగుతారు, కానీ టికెట్టు చవకేమీ కాదు.

ఇంకో చిక్కు ఉంది. చిన్న దీవులకు బోట్లు పగటిపూటే. ఫుకెట్ నుంచి ఫిఫీకి చివరి ఫెర్రీ మధ్యాహ్నం దాటాక వెళ్లిపోతుంది. సాయంత్రం విమానం దిగి, రాత్రికి ఫిఫీలో పడుకుందామంటే కుదరదు. తిరుగు ప్రయాణంలో ఇది ఇంకా ముఖ్యం. ఇంటికి ఫ్లైట్ ఉన్న రోజు పొద్దున దీవి నుంచి బయల్దేరేలా ఎవరైనా ప్లాన్ ఇస్తే మార్పించుకోండి. ముందు రోజు రాత్రికే ఎయిర్‌పోర్టు ఉన్న ఊరికి చేరాలి.

లగేజీ గురించి కూడా ఒక మాట. ఫిఫీలో కార్లు తిరగవు. జెట్టీ నుంచి హోటల్‌కు సామాను తోపుడు బండి మీద వెళ్తుంది. రాయ్‌లే అసలు దీవే కాదు, క్రాబి నేలలోనిదే. వెనక సున్నపురాయి కొండలు అడ్డం కాబట్టి పడవలోనే వెళ్లాలి. నీళ్లు తీసి ఉన్న వేళ పడవ ఒడ్డుకు దూరంగానే ఆగిపోతుంది. మోకాలి లోతు నీళ్లలో దిగి, చక్రాల సూట్‌కేసును నెత్తిన పెట్టుకుని నడిచే పెళ్లి జంటలను అక్కడ ఎప్పుడూ చూడొచ్చు. వీపుకు తగిలించుకునే బ్యాగు తెచ్చుకోండి.

అపోహ: "ఫొటోలో ఉన్న నీలం నీళ్లు ఎప్పుడు వెళ్లినా అలాగే ఉంటాయి."

వాస్తవం: ఆ ఫొటో పోటు మీద, అంటే నీళ్లు నిండుగా ఉన్నప్పుడు, తీసింది. అండమాన్ వైపు పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం రెండు, మూడు మీటర్ల దాకా మారుతుంది. ఫిఫీలో లో డాలమ్ బే పొద్దున నిండుగా ఉండి, కొన్ని గంటల్లో దూరం దాకా తడి ఇసుకగా మారిపోతుంది. పడవలు పక్కకు ఒరిగి కూర్చుంటాయి. క్రాబిలో మూడు దీవులను కలిపే ఇసుక దారి, తాలే వేక్, తేలాలంటే మాత్రం ఈ పాటే కావాలి. హోటల్ రిసెప్షన్‌లో ఆటుపోట్ల టైములు అడగండి. ఇంట్లో క్యాలెండర్ చూసినా కొంత తెలిసిపోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజులకు అటూ ఇటూ ఈ తేడా ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ.

పౌర్ణమి అన్నాం కాబట్టి చెబుతున్నా. కో ఫంగాన్‌లో హాద్ రిన్ బీచ్ ఫుల్ మూన్ పార్టీ ఎప్పుడూ పున్నమి నాడే ఉండదు. ఆ రోజు బౌద్ధుల పండగ పడితే ఒకరోజు అటో ఇటో జరుపుతారు. రూము బుక్ చేసే ముందు తేదీ చూసుకోండి.

అపోహ: "మాయా బేలో ఈత కొట్టొచ్చు, బోటు నేరుగా ఇసుక మీదకే వెళ్తుంది."

వాస్తవం: మాయా బే అంటే ఫిఫీ దీవుల్లో ఉన్న పేరున్న బీచ్. ఆ ఈత, ఆ బోట్లు అన్నీ పాత సంగతి. అక్కడ తీసిన "ది బీచ్" అనే హాలీవుడ్ సినిమా తర్వాత జనం, బోట్ల లంగర్లు కలిసి అక్కడి పగడాలను నాశనం చేశాయి. 2018 జూన్‌లో మూసేసి, 2022 జనవరిలో తెరిచారు. ఇప్పుడు బోట్లు వెనక వైపున్న లో సామా బేలో ఆగుతాయి. అక్కడి నుంచి చెక్క బాట మీద నడిచి బీచ్‌కు చేరాలి. ఈత లేదు, మోకాళ్ల దాకా దిగనిస్తారు. మనుషుల సంఖ్యకూ, ఉండే టైముకూ పరిమితి ఉంది. ఏటా ఆగస్టు, సెప్టెంబర్‌లలో మళ్లీ మూసేస్తారు. మూసిన కాలంలో రీఫ్ షార్కులు తిరిగొచ్చాయి, ఒడ్డున నిలబడితేనే వాటి నల్లటి రెక్క కొసలు కనిపిస్తాయి. నా వరకు ఈ పద్ధతే బాగుంది. ఈత కావాలంటే బోటు వాళ్లు వేరే చోట ఆపుతారు.

బోటు అంటే గుర్తొచ్చింది. స్పీడ్ బోటు ఎక్కేముందు జెట్టీలో చెప్పులన్నీ ఒక బుట్టలో వేయించుకుంటారు, సాయంత్రం దిగాక ఇస్తారు. కంగారు పడకండి. కుర్రాళ్లు ముందు సీట్లకు పరిగెడతారు, దెబ్బలన్నీ అక్కడే. ప్రతి అలకూ బోటు ముక్కు లేచి ధన్‌మని పడుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు వెనక కూర్చోవాలి. గర్భిణులు స్పీడ్ బోటు జోలికి పోవద్దు, పెద్ద ఫెర్రీ ఎక్కండి. వాంతుల మాత్ర బోటు కదిలాక వేసుకుంటే లాభం లేదు, అరగంట ముందే వేసుకోవాలి.

అపోహ: "స్కూటీనే కదా, మన లైసెన్స్ చూపిస్తే ఇస్తారు."

వాస్తవం: బండి ఇస్తారు, లైసెన్స్ అడగకుండానే ఇస్తారు. చిక్కంతా అక్కడే. మన లైసెన్స్‌తో పాటు ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. అందులో మోటార్‌సైకిల్ కేటగిరీ మీద ముద్ర ఉండాలి. కారుకు మాత్రమే ఉన్న పర్మిట్ పనికిరాదు. ఇది లేకుండా పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. దీవిలో ఉండేది చిన్న క్లినిక్. పెద్ద దెబ్బయితే బోటులో మెయిన్‌ల్యాండ్‌కు తరలించాలి, ఆ బిల్లు ట్రిప్పు ఖర్చును దాటిపోతుంది. కో ఫంగాన్‌లో థాంగ్ సాలా నుంచి హాద్ రిన్ వెళ్లే రోడ్డు నిట్టనిలువు ఎక్కుళ్లు, దిగుళ్లు. మోకాళ్లకు, మోచేతులకు కట్లు కట్టుకుని బీచ్‌లో కూర్చున్నవాళ్లు అక్కడ మామూలే. పాస్‌పోర్టు తాకట్టు అడిగే షాపులో బండి తీసుకోవద్దు. తీసుకునేటప్పుడు బండి మీది గీతలన్నీ ఓనరు ముందే వీడియో తీయండి.

అపోహ: "శాకాహారులు అక్కడ పండ్లు తిని బతకాలి."

వాస్తవం: అంత లేదు గానీ "వెజిటేరియన్" అన్న మాటతో పని జరగదు. మాంసం తీసేసి, ఫిష్ సాసో ఆయిస్టర్ సాసో వేసి నవ్వుతూ పెడతారు. వాళ్ల లెక్కలో అది కూరగాయల వంటే. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు ఉంటాయి. "జే" అని అడగండి. అది చైనా బౌద్ధుల ఆచారం నుంచి వచ్చిన వంట. మాంసం, చేపలు, గుడ్డు, పాలే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఆ కొట్ల మీద పసుపు జెండా, దాని మీద ఎర్రటి అక్షరం ఉంటుంది. మన కంటికి 17 అంకెలా కనిపిస్తుంది. ఫుకెట్ టౌన్‌లో ఏటా తొమ్మిది రోజులు జరిగే శాకాహార పండగ చాలా ఏళ్లు మన దేవీ నవరాత్రులతో కలిసి వస్తుంది, అప్పుడు వీధంతా ఈ జెండాలే. లాంటా, యావ్ నోయ్ దీవుల్లో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. అక్కడి బళ్ల మీద వేడి వేడి అరటిపండు రోటీ దొరుకుతుంది. గుడ్డు వద్దని ముందే చెప్పాలి. ఆ ఊళ్లలో బీచ్ బట్టలతో బజారుకు వెళ్లకండి, వాళ్లు ఏమీ అనరు గానీ ఇబ్బంది పడతారు.

అపోహ: "జెల్లీ చేప కుడితే మంచినీళ్లతో కడగాలి."

వాస్తవం: సముయి, ఫంగాన్ వైపు ప్రమాదకరమైన బాక్స్ జెల్లీ చేపలు ఉన్నాయి. మంచినీళ్లు పోసినా, రుద్దినా చర్మానికి అంటుకున్న విషపు తిత్తులు ఇంకా పేలతాయి. చాలా బీచ్‌లలో చిన్న స్తంభానికి వెనిగర్ సీసా తగిలించి ఉంటుంది. కనీసం అర నిమిషం దాన్ని ధారగా పోయాలి, ఆ వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. బీచ్‌కు వెళ్లగానే ఆ సీసా ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

ఇక రోజూ వచ్చే చిన్న ప్రశ్నలు. వీసా నిబంధనలు ఈ మధ్య పలుమార్లు మారాయి, టికెట్టు కొనే రోజునే ఎంబసీ సైట్ చూడండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు నింపాలి, పైసా కట్టక్కర్లేదు. డబ్బులడిగే సైట్ ఏదైనా ప్రభుత్వానిది కాదు. ఈ-సిగరెట్ తీసుకెళ్లకండి, దిగుమతి నిషేధం. నేషనల్ పార్కుల్లో ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ కూడా 2021 నుంచి నిషేధమే, జరిమానా లక్ష బాట్ల దాకా ఉంది. ఇక్కడ కొనేటప్పుడే ట్యూబు వెనక వైపు చదవండి. కో కూడ్, కో మాక్ లాంటి చోట్ల ఏటీఎంల మీద ఆధారపడలేం. బోటు ఎక్కేలోపే నగదు తీసుకోండి, అందులో పార్కు టికెట్ల డబ్బులు విడిగా పెట్టుకోండి. విదేశీయులకు రేటు ఎక్కువ, బేరం ఉండదు.