పెన్నమ్మ చేంతాడు

చిరంజీవి బుజ్జమ్మకు, బుజ్జమ్మతో కలిసి గండికోట చూసివచ్చిన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది తల్లీ. చేంతాడంత రాశావు. చదివినంతసేపూ మీ వెంట నేనూ తిరిగినట్టే ఉంది. శనివారం కోడి కూయకముందే బెంగళూరులో మూడు కార్లు బయలుదేరడం, నాన్న స్నేహితుల కుటుంబాలన్నీ దారిలో చెట్టుకింద ఆగి ఇడ్లీలు పంచుకోవడం, సాయంత్రానికి గండికోట చేరడం, రాత్రి గుడారాల్లో పడుకుని చుక్కలు లెక్కపెట్టడం, ఆదివారం బెలూం గుహలు చూసుకుని ఇల్లు చేరడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పావు. కారులో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలని పోట్లాడుకున్నారో కూడా రాశావు. స్నేహితులతో వెళ్లిన ప్రయాణంలో అది కూడా గుర్తుపెట్టుకోవలసిన సంగతే.

ఉత్తరం చివర రెండే రెండు వాక్యాలు రాశావు. "తాతయ్యా, నీళ్లు మెత్తగా ఉంటాయి కదా, అంత గట్టి కొండను ఎలా కోశాయి? నాన్నను అడిగితే ఇంటికి వెళ్లాక ఫోనులో చూద్దాం అన్నారు, తర్వాత మరిచిపోయారు." నాన్నను ఏమీ అనకు. రెండు రోజుల్లో అన్ని కిలోమీటర్లు కారు నడిపిన మనిషి ఇల్లు చేరాక నిద్రపోవలసిందే. ఆ ప్రశ్న నాకు రాశావు, అదే మేలు. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న అది. నీ వయసులో నేనూ అదే అడిగాను. కాకపోతే లోయ దగ్గర కాదు, మా ఊరి చేదబావి దగ్గర.

ముందు పేరు చూడు. చెరువు కట్ట తెగితే 'గండి పడింది' అంటాం కదా. ఇక్కడ కొండకు గండి పడింది. ఎర్రమల కొండల్లో పెన్నానది పెట్టిన గండి అది. ఆ గండి అంచున కట్టారు కాబట్టి గండికోట. ఒకవైపు దాదాపు 300 అడుగుల లోయ ఉంటే ఆ వైపు కందకం తవ్వే పని ఏముంది? ఆ పనేదో నది ముందే చేసిపెట్టింది. మీరు లోపల చూసిన మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, పెద్ద ధాన్యాగారం, ఇవన్నీ నది ఆ గండి పెట్టిన ఎంతో కాలానికి మనుషులు వచ్చి కట్టుకున్నవి.

ఇప్పుడు బావి దగ్గరకు వద్దాం.

మా చిన్నప్పుడు ఊరికంతా ఒకటే మంచినీళ్ల బావి. దానికి గిలక లేదు. ఒర చుట్టూ నల్లరాతి పలకలు పరిచి ఉండేవి. ఆడవాళ్లు ఆ పలకల మీద నిలబడి, బొక్కెన బావిలోకి వదిలి, రాతి అంచు మీదుగా చేంతాడు లాగేవారు. తాడు రాసుకుని రాసుకుని ఆ అంచుల్లో గాళ్లు పడ్డాయి. కొన్ని నా చిటికెన వేలు పట్టేంత, కొన్ని నా మణికట్టు పట్టేంత. లోపల వేలు పెడితే గాజు ముక్కలా నున్నగా, చల్లగా ఉండేది. రాయి ఎక్కడా పగలలేదు, పెచ్చు లేవలేదు. ఎవరో వెన్నలోంచి దారం లాగినట్టు ఉండేది.

నార తాడు రాతిని కోయడమేమిటని మా నాయనమ్మను అడిగాను. "కోసి చూడు" అంది. అంతే చెప్పింది.

ఆ వేసవి సెలవుల్లో నేనూ మరో ఇద్దరు స్నేహితులమూ ఒక పాత చేంతాడు ముక్క సంపాదించాం. బావి అంచున గాడి లేని చోటు ఒకటి చూసుకుని, అటొకరు ఇటొకరు కూర్చుని, రంపం లాగినట్టు తాడు లాగడం మొదలుపెట్టాం. మూడోవాడి పని లెక్క పెట్టడం. వందకు ఒకసారి మనుషులు మారేవాళ్లం. మొదటిరోజు సాయంత్రానికి తాడు పీచులు లేచి చిక్కిపోయింది. రాతి మీద గోటి గీతంత గుర్తు కూడా లేదు. రెండోరోజు అరచేతులు బొబ్బలెక్కాయి, రాయి రాయిలాగే ఉంది. తాడే అరిగిపోతోందని, ఆ గాళ్లు ఎవరో ఉలితో చెక్కినవేనని నేను తీర్మానించేశాను.

నాయనమ్మ వచ్చి మా తాడు చేతిలోకి తీసుకుని చూసింది. ఏమీ అనకుండా దాన్ని తొట్టి నీళ్లలో ముంచి, తీసి, బావి పక్కన మట్టిలో ఒకసారి పొర్లించి మా చేతికిచ్చింది. "ఇప్పుడు లాగండిరా" అంది.

లాగాం. శబ్దమే మారిపోయింది. అంతకుముందు మెత్తగా సుయ్యిమన్న తాడు ఇప్పుడు గరగరమంది. నీళ్లు తోడే ఇంట్లో చేంతాడు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. లాగిన తాడు కాళ్ల దగ్గర నేల మీద చుట్టలుగా పడుతుంది. పడిన ప్రతిసారీ ఇసుక అంటించుకుని లేస్తుంది. మళ్లీ బావిలోకి దిగేటప్పుడు, మళ్లీ పైకి వచ్చేటప్పుడు ఆ ఇసుకతో రాతి అంచును గీరుతుంది. కోసేది తాడు కాదు బుజ్జమ్మా, తాడు మోసుకొచ్చిన ఇసుక!

పదిరోజులు లాగాం. పదో రోజున రాయి తుడిచి చూస్తే తెల్లగా ఒక గీత కనబడింది. వెంట్రుకంత గీత. ముగ్గురం దాని చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని ఎంతసేపు చూశామో చెప్పలేను.

నీ ప్రశ్నకు జవాబు ఆ తాడే. పెన్నానది ఒక చేంతాడు. కర్ణాటకలో నందికొండల దగ్గర దాని ఒక కొస, నెల్లూరు జిల్లా దాటాక సముద్రంలో ఇంకో కొస. మొత్తం 597 కిలోమీటర్ల తాడు. దారిలో ప్రతి వాగూ, వంకా దానికి ఇసుక అంటిస్తాయి. వాన పడినప్పుడల్లా ఎవరో ఒక్క ఊపున లాగినట్టు ఆ తాడు కొండ మీదుగా పరుగెడుతుంది. నీళ్లు మెత్తనివే, నువ్వన్నది నిజం. నీళ్లు మోసుకుపోయే ఇసుక మెత్తనిది కాదు, గులకరాళ్లు అసలే కావు. అవి అడుగున దొర్లుతూ, గుద్దుకుంటూ, గీరుతూ పోతాయి. ఏడాదిలో చాలా రోజులు పెన్న సన్నగా పారుతుంది, ఒక్కోసారి ఇసుకలో ఇంకిపోయి కనబడనే కనబడదు. అప్పుడు తాడు చుట్టచుట్టి పక్కన పెట్టినట్టు. 2021 నవంబరులో వానలకు పొంగిన పెన్నను మీ అమ్మ వార్తల్లో చూసే ఉంటుంది, అడుగు. ఎర్రటి నీళ్లు, చెట్లకు చెట్లు కొట్టుకుపోవడం. అలాంటి రోజున తాడు లాగుతున్నారన్నమాట. నది తన పనిలో ఎక్కువ భాగం చేసేది అలాంటి కొద్ది రోజుల్లోనే.

తాడు సన్నం, లోయ వెడల్పు కదా అంటావు. నేనూ నాయనమ్మను అదే అడిగాను. గాడి పై అంచు చూడమంది. అడుగున తాడు పట్టేంతే ఉన్నా పైన విచ్చుకుని ఉంటుంది. లోతుగా గాడి పడ్డాక దాని పక్కలకు ఆసరా పోతుంది. గండికోట రాయి పొరలు పొరలుగా, నిలువు పగుళ్లతో ఉంటుంది. ఎవరో పెట్టెలు పేర్చినట్టుందని రాశావే, ఆ పగుళ్ల వల్లే అలా కనబడుతుంది. పగుళ్లలో వాననీరు దిగుతుంది, ఎండకు రాయి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అడుగున నది కాలు తీసేస్తే పైన పెట్టె ఊడి పడుతుంది. పడిన పెట్టెను నది నెమ్మదిగా పిండి చేసి కిందికి పంపుతుంది. ఇక్కడ నా చేంతాడు పోలిక కొంచెం బలహీనపడుతుందని తెలుసు. అయినా దాన్ని వదలబుద్ధి కావడం లేదు.

ఎంతకాలం పట్టి ఉంటుంది? మనం ఒక లెక్క వేద్దాం. నది నిజంగా ఇదే వేగంతో కోసిందని కాదు, ఊహకు అందడానికి మాత్రమే. నది ఏడాదికి ఒక తలవెంట్రుక మందం కోసిందనుకో. పది వెంట్రుకలు పక్కపక్కన పేర్చితే సుమారుగా ఒక మిల్లీమీటరు. 300 అడుగులంటే 91 మీటర్లు, అంటే 91 వేల మిల్లీమీటర్లు. అంటే 9 లక్షల 10 వేల సంవత్సరాలు. మేము ముగ్గురం పదిరోజుల్లో గీసిన ఆ వెంట్రుకంత గీతే నదికి ఏడాది పని అనుకుంటే ఇంతకాలం పడుతుంది. కాగితం మీద లెక్క నువ్వు కూడా వేసి చూడు.

దీనికన్నా ఆశ్చర్యమైన మాట ఒకటుంది. ఇది చెప్పడానికే ఇంత ఉత్తరం రాస్తున్నానేమో. గండికోట రాయిని క్వార్ట్జైట్ అంటారు. వందకోట్ల సంవత్సరాల నాటి రాయి. భూమి మీద చెట్టు లేదు, చేప లేదు, పిట్ట లేదు. అప్పుడు కడప ప్రాంతంలో నీళ్లు నిలిచి ఉండేవి. ఆ నీళ్ల అడుగున పేరుకున్న ఇసుకే కాలక్రమంలో అదిమి అదిమి బిగుసుకుని ఆ రాయి అయింది. అంటే ఏమిటి? ఇసుకే కొండ అయింది. ఆ కొండను మళ్లీ ఇసుకే కోసింది. కోయగా రాలిన ఇసుక మళ్లీ పెన్న వెంట సముద్రానికి పోతోంది, ఎక్కడో నీళ్ల అడుగున మళ్లీ పేరుకుంటోంది. ఇంతకంటే నేను చెప్పలేను తల్లీ. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు నోట మాట రాదు.

నేను గండికోటను మొదటిసారి చూసింది డిగ్రీ చదివే రోజుల్లో. పరీక్షలు అయిపోయాక ఐదుగురు స్నేహితులం ముద్దనూరులో రైలు దిగి, బస్సులో జమ్మలమడుగు చేరాం. అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు. వచ్చే బస్సు కోసం చూడలేక నడిచాం. సంచిలో జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి, ఉల్లిపాయలు. మిట్టమధ్యాహ్నం లోయ అంచుకు చేరి కిందికి చూశాం. వేసవి కావడంతో అడుగున ఇసుక, మధ్యలో ఒక సన్నటి నీటి పాయ. ఐదుగురిలో ఎవరమూ మాట్లాడలేదు. నాకు మా బావి గాడి గుర్తొచ్చింది. ఆ గీత సంగతి నా పక్కనున్నవాడికి చెప్పబోయి, గొంతు పట్టేసి ఆగిపోయాను. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాం. గుడి చూడలేదు, ధాన్యాగారం చూడలేదు. ఎండ వాలేకొద్దీ రాయి గోధుమరంగు నుంచి కుంకుమరంగుకు తిరగడం చూస్తూ ఉండిపోయాం. తిరిగి వెళ్లే బస్సు పోయింది. ఆ రాత్రి కోటలోని ఊళ్లో ఒక ఇంటివాళ్లు మాకు అన్నం పెట్టి అరుగు మీద చాపలు వేశారు. ఆ ఐదుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. మిగిలిన ముగ్గురం ఎప్పుడు కలిసినా మొదట ఆ మధ్యాహ్నం మాటే వస్తుంది.

అందుకే ఒక్క మాట. రెండు రోజుల ప్రయాణానికి వెళ్లేటప్పుడు చూడవలసినవాటి పట్టిక పెద్దది చేయమని నాన్నను తొందరపెట్టకు. ఎక్కడైనా ఒక్కచోట, ఒక్క గంట, స్నేహితులంతా కలిసి ఊరికే కూర్చోండి. అంచు మీద కాదు, అంచుకు బాగా ఇవతల. అక్కడ చాలాచోట్ల కంచె లేదు, ఫోటో కోసం వెనక్కి అడుగు వేయడం వద్దే వద్దు. మీలో ఒకడు రాతి మీద పేరు చెక్కబోతే మీ అమ్మ ఆపిందని రాశావు. మంచి పని చేసింది. నది అంత కాలం పెట్టిన శ్రమ మీద మనం ఒక్క నిమిషంలో గీతలు పెట్టకూడదు.

బెలూం గుహల గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను. 3,229 మీటర్ల గుహలో మీరు నడిచింది సగం కూడా కాదు. అక్కడ నీళ్లు ఇసుకతో గీరలేదు, సున్నపురాయిని కరిగించుకుని తాగాయి. అది చేంతాడు కథ కాదు, వేరే కథ.

సంక్రాంతికి మీరంతా మా ఊరు రండి. బావిలో ఇప్పుడు నీళ్లు లేవు, పైన ఇనుప జల్లెడ వేశారు, కానీ రాతి పలకలు అలాగే ఉన్నాయి. తూర్పువైపున అన్నిటికన్నా లోతైన గాడి ఉంటుంది. మా నాయనమ్మ నీళ్లు తోడిన చోటు అది. అందులో నీ వేలు పెట్టి చూడు. దానికి జానెడు దూరంలో ఎడమవైపు మా గీత. పొడి రాతి మీద కనబడదు. చెంబుతో నీళ్లు పోసి, ఎండ ఏటవాలుగా పడే వేళ, చెంప రాతికి ఆనించి చూడాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య