ఓవర్‌నైట్ ట్రేడింగ్: అపోహలు - వాస్తవాలు

మార్కెట్ ముగిసే వేళకు షేర్లు కొని, మర్నాడు తెరవగానే అమ్మేసే పద్ధతి గురించి, ట్రేడింగ్ వ్యూహాలను పాత ధరలపై పరీక్షించే వృత్తిలో ఉన్న నన్ను తరచూ అడుగుతుంటారు. దీన్ని గుడ్డిగా నమ్మేవారూ, పూర్తిగా కొట్టిపారేసేవారూ ఇద్దరూ పొరబడుతున్నారనే నా అభిప్రాయం.

అపోహ: రాత్రి లాభం ఒట్టి భ్రమ.

వాస్తవం: కాదు. అమెరికాలో 1993లో మొదలైన, అక్కడి 500 పెద్ద కంపెనీల షేర్ల సూచీని అనుసరించే ఎస్‌పీవై ఇండెక్స్ ఫండ్ ధరలను పగటి మార్పు, రాత్రి మార్పు అని విడదీసి చూస్తే, తర్వాతి దశాబ్దాల పెరుగుదలలో అధిక భాగం మార్కెట్ మూసి ఉన్న వేళల్లోనే వచ్చినట్టు తేలుతుంది. కంపెనీలు ఫలితాలను ఎక్కువగా ఆ వేళల్లోనే ప్రకటిస్తాయని, సులువుగా అమ్ముకునే వీలు లేని సమయంలో రిస్క్ మోసినందుకు దక్కే ప్రతిఫలమని రకరకాల వివరణలు ఉన్నా, పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు.

అపోహ: అలాగైతే రోజూ సాయంత్రం కొని, ఉదయం అమ్మితే చాలు.

వాస్తవం: లెక్క తలకిందులయ్యేది ఇక్కడే. ఏడాదికి సుమారు 252 ట్రేడింగ్ రోజులంటే 504 లావాదేవీలు. బ్రోకరేజీ, రుసుములు, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే తేడా అన్నీ కలిపి ఒక్కో లావాదేవీకి 0.01 శాతమే పోయిందనుకున్నా, ఏడాదికి 5 శాతం ఖర్చవుతుంది, 0.02 శాతమైతే అది 10 శాతం దాటుతుంది, అంటే అమెరికా షేర్లు దీర్ఘకాలంలో ఏటా సగటున ఇచ్చిన రాబడి దాదాపు మొత్తం ఖర్చులకే సరిపోతుంది. లాభాలపై పన్ను దీనికి అదనం. ఈ ఆలోచనతోనే 2022 జూన్‌లో అమెరికాలో నైట్‌షేర్స్ పేరిట రెండు ఫండ్లు మొదలై, 2023లోనే మూతపడ్డాయి.

అపోహ: బ్యాక్‌టెస్ట్‌లో, అంటే పాత ధరలపై చేసిన పరీక్షలో, లాభం వచ్చింది కాబట్టి చేతికీ వస్తుంది.

వాస్తవం: నేను ముందుగా చూసేది ఆ పరీక్షలో ఏ ధర వాడారన్నదే. ముగింపు ధరను చూసి నిర్ణయం తీసుకుని, అదే ముగింపు ధరకు కొన్నట్టు రాసుకున్న పరీక్షలు కోకొల్లలు. నిజానికి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ముగింపు ధరకు కొనే ఆర్డరును సాధారణంగా 4 గంటల ముగింపుకు పది నిమిషాల ముందే పంపాలి. ఉదయం డేటాలో కనిపించే తొలి ధర కూడా చాలాసార్లు కొద్ది షేర్లకే దక్కిన ధర.

అపోహ: స్టాప్‌లాస్ (ధర ఫలానా స్థాయికి పడితే షేరును అమ్మేయమనే ఆర్డరు) పెడితే నష్టానికి హద్దు ఉంటుంది.

వాస్తవం: మూసి ఉన్న మార్కెట్లో స్టాప్‌లాస్ పనిచేయదు. 2022 ఫిబ్రవరి 2న మార్కెట్ ముగిశాక ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తన ఫలితాలు ప్రకటించింది. మర్నాడు ఆ షేరు దాదాపు 24 శాతం దిగువనే తెరుచుకుంది. 5 శాతం దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకున్నవారికి దక్కింది కూడా ఆ దిగువ ధరే.

అపోహ: ఖర్చులకే సరిపోతే, ఈ సమాచారం ఎందుకూ కొరగాదు.

వాస్తవం: ఇండెక్స్ ఫండ్‌ను ఏళ్ల తరబడి అట్టిపెట్టుకున్నవారికి ఈ రాత్రి లాభం రోజువారీ లావాదేవీల ఖర్చు లేకుండానే అందుతుంది, డివిడెండ్‌తో సహా. రోజూ సాయంత్రానికల్లా అన్నీ అమ్మేసే ఇంట్రాడే ట్రేడరు మాత్రం, జాగ్రత్త పేరుతో, చరిత్రలో ఎక్కువ రాబడినిచ్చిన వేళలనే వదులుకుంటున్నారు.