పెంటదిబ్బకు గ్రాంటు

చి. చిన్నూకు, పింకీకి తాత ఆశీస్సులు.

పోయిన ఆదివారం పింకీ ఫోన్‌లో అడిగింది కదా, "తాతా, చెత్తదిబ్బలు తీసేసి పార్కులు చేస్తారంట, అంత చెత్త ఎక్కడ పారేస్తారు? దుడ్లు ఎవరిస్తారు?" అని. ఇంతలో సిగ్నల్ పోయింది. అందుకే ఈ ఉత్తరం.

పారేయరమ్మా, జల్లిస్తారు. మన చెనిక్కాయల కల్లం గుర్తు తెచ్చుకోండి. పెరికిన చెట్టుకు మన్ను, ఆకు, కాయ అన్నీ అంటుకునే ఉంటాయి. తడి మీద ఏదీ విడిపడదు, ముందు ఎండాలి. దిబ్బ కూడా అంతే. పొక్లెయిన్‌తో తవ్వి పొడుగాటి వాముల్లాగా పోస్తారు. చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవుల నీళ్లు చల్లి, వారానికోసారి తిరగేస్తారు. లోపల వేడి పుట్టి, తేమ ఆరి, కుప్ప దిగిపోతుంది. ఆ తర్వాత జల్లెడ. మీ అవ్వ చేతిలోది కాదు, ఒళ్లంతా బెజ్జాలతో గిర్రున తిరిగే పెద్ద ఇనుప డ్రమ్ము. ట్రామెల్ అంటారు. సన్నమట్టి కింద రాలుతుంది. రాళ్లు, ఇటుక ముక్కలు గుంతలు పూడ్చడానికి పోతాయి. కవర్లు, గుడ్డపేలికలు సిమెంటు ఫ్యాక్టరీ బట్టీల్లో బొగ్గుకు తోడుగా మండుతాయి. కాయ కాయకు, కట్టె కట్టెకు, మన్ను మన్నుకు.

మా చిన్నప్పుడు ప్రతి ఇంటి వెనకా ఒక పెంటదిబ్బ ఉండేది. పేడ, బూడిద, పశువులు మిగిల్చిన చొప్ప, అంతే. ఎండాకాలంలో ఎద్దులబండికి ఎత్తి చేనికి తోలేవాళ్లం. పార దింపితే లోపల్నుంచి ఆవిరి లేచేది. తెల్లటి లావుపాటి పురుగులు బయటపడేవి, వాటి కోసం కోళ్లు మా కాళ్ల మధ్యకే దూరేవి. ఒకసారి పక్కింటివాళ్లు మా దిబ్బ అంచు నుంచి రెండు తట్టలు ఎత్తుకుపోయారని మా జేజి వాళ్లతో నెలరోజులు మాట్లాడలేదు! దొంగలు పడే దిబ్బ అది. దాన్ని తీయడానికి ఏ సర్కారూ దుడ్లివ్వలేదు.

ఇప్పుడు ఇవ్వాల్సి వచ్చింది. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ రెండో విడతలో, పాతచెత్త తీయడానికి టన్నుకు రూ.550 అని లెక్కగట్టారు. అనంతపురం, కడప, కర్నూలులాగా లక్షకూ పది లక్షలకూ మధ్య జనమున్న ఊర్లకు అందులో 33 శాతం కేంద్రం ఇచ్చేటట్టు పెట్టారు. లక్షలోపు ఊరైతే సగం. మిగతాది రాష్ట్రమూ ఊరూ చూసుకోవాలన్నారు. ఊరి వాటా అంటే మీ నాన్న కట్టే ఇంటిపన్నే.

నా కల్లం పోలిక ఇక్కడికి వచ్చేసరికి తెగిపోతుంది. బ్యాటరీల్లోని సీసం, ఫ్యాక్టరీ రసాయనాలు ఏ జల్లెడలోనూ ఆగవు, నల్లటి ఊటనీళ్లతో నేలలోకి దిగిపోతాయి. అందుకే ఆ సన్నమట్టిని పరీక్ష చేయించకుండా చేనికి తోలకూడదు. అట్లా విషం ఇంకిన నేలల కోసం 2025 జులైలో కేంద్రం విడిగా నియమాలు తెచ్చింది. పాడుచేసినవాళ్లే బాగుచేసే ఖర్చు పెట్టుకోవాలి, వాళ్లెవరో తేలకపోతే ప్రభుత్వాలు చూసుకుంటాయి. అమెరికా వాళ్లు ఇట్లాంటి నేలను బ్రౌన్‌ఫీల్డ్ అంటారు, దాన్ని బాగుచేసే ఊర్లకు గ్రాంట్లు ఇవ్వాలని 2002లో చట్టమే చేసుకున్నారు. చిన్నూ, బస్సు కిటికీలోంచి చిప్స్ కవరు పారేసింది నువ్వే కదా? దానికీ టన్ను లెక్కే.

సెలవులో నాన్నతో పోయి ఆ డ్రమ్ము తిరగడం చూసి రండి. గాలికి ఎదురుగా నిలబడొద్దు, మట్టి ముట్టుకోవద్దు. ఇంకా కదిలించని దిబ్బ అంచున చూడండి. ఎవరూ విత్తకుండానే టమోటా మొలకలు లేచి ఉంటాయి. ఎన్ని ఉన్నాయో నాకు రాయండి.

మీ తాత