చట్టంలో డాక్టరు ఉన్నాడు, ఆపా లేదు

విశాఖలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఇప్పుడు సెంట్రల్ పార్కు ఉన్న చోట ఒకప్పుడు సెంట్రల్ జైలు ఉండేది. తర్వాత జైలు ఊరు దాటి సింహాచలం కొండ పక్కన అడవివరం వైపు వెళ్లింది. మహిళల బ్యారక్ కూడా దాంతోపాటే వెళ్లింది. రాజమహేంద్రవరంలో ఆడవాళ్లకు ప్రత్యేక జైలుంది. ఇక్కడ మాత్రం పెద్ద గోడ లోపల ఇంకో గోడ. మగ ఖైదీల కంట ఆడవాళ్లు పడకూడదని, మాటా కలవకూడదని 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ 27వ సెక్షన్ చెప్పింది. పండగ పూట మౌల్వీసాబ్ వచ్చినా మొదటి గోడ దగ్గరే ఆగిపోతాడు. రెండో గోడ దాటి వెళ్లాల్సింది ఆపా, అంటే ఆడవాళ్లకు ఖురాన్ నేర్పే ముస్లిం ఆడమనిషి. ఆ మనిషికి మన చట్టంలో పేరు కూడా లేదు.

ఇంగ్లండ్‌లో అలాంటి పనికి పేరుంది. అక్కడి 1865 నాటి జైళ్ల చట్టం ప్రతి జైలుకూ జైలరు, డాక్టరుతోపాటు ఒక చాప్లిన్ ఉండాలంది. చాప్లిన్ అంటే జైలు జీతం మీద ఉండే మతబోధకుడు, అప్పట్లో చర్చి ఆఫ్ ఇంగ్లండ్ పాదిరీ. ముప్పై ఏళ్లు తిరక్కుండానే అదే దొరలు మనకు చట్టం రాసినప్పుడు సూపరింటెండెంటును పెట్టారు, మెడికల్ ఆఫీసరును పెట్టారు, జైలరును పెట్టారు. చాప్లిన్ ఊసెత్తలేదు. ఎందుకో చట్టం చెప్పదు. 1857 తిరుగుబాటు చూశాక, మీ మతాల జోలికి రామని 1858లో రాణి ప్రకటన ఇచ్చింది. ఆ జంకు ఇంకా పోలేదనుకుంటాను. ఏ మతం పంతులును నియమించినా రెండోవాళ్లకు కోపం. ఎవరినీ పెట్టకపోతే గొడవే లేదు.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛ ఇచ్చింది. జైళ్లను మాత్రం ఆ పాత చట్టమే ఏలింది. నమాజు చేసుకోవచ్చు, రోజా (ఉపవాసం) ఉండవచ్చు. నేర్పే మనిషికి ఉద్యోగం లేదు, సూపరింటెండెంటు ఇచ్చే అనుమతి ఉంటుంది. అధికారి మారితే మళ్లీ మొదటినుంచి అడగాలి. ఒక మతానికి చెందిన ఖైదీలు తగినంతమంది ఉంటే అర్హత ఉన్న బోధకుణ్ణి నియమించాలని, లేదా ఆమోదించాలని ఐక్యరాజ్యసమితి 1955లోనే నియమం రాసింది. వేర్వేరు మతాల మహిళా ఖైదీల అవసరాలు వేరని ఆ సమితివే అయిన 2010 నాటి బ్యాంకాక్ నియమాలు గుర్తించాయి. ఇక్కడ 1987లో జస్టిస్ కృష్ణయ్యర్ కమిటీ ప్రత్యేకంగా మహిళా ఖైదీల కోసమే నివేదిక ఇచ్చింది. జైల్లో తల్లి దగ్గర ఆరేళ్ల వరకూ ఉండనిచ్చే బిడ్డ గురించి 2006లో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. అది ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసు, అంటే మన రాష్ట్రం పేరుమీదున్నదే. బిడ్డకు పాలు, టీకా, బడి అన్నీ వచ్చాయి. తల్లికి ఆపా రాలేదు.

ఇంగ్లండ్‌లోనూ ముస్లింల వంతు ఆలస్యంగానే వచ్చింది. జైళ్ల శాఖకు మొదటి ముస్లిం సలహాదారును 1999లో నియమించారు. ఆ తర్వాత ఇమాములు జైలు ఉద్యోగులయ్యారు, మహిళల జైళ్లలోకి ముస్లిం స్త్రీలూ చాప్లిన్లుగా వెళ్లారు. ఇస్లాంలో ఆడవాళ్లు ఇమాం కాలేరు కదా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. ఆడవాళ్లకు జుమ్మా (శుక్రవారం) నమాజు ఫర్జ్ (తప్పనిసరి) కాదు, కాబట్టి దాన్ని నడిపే ఇమాం అవసరం రాదు. మహిళా జైల్లో ఆ పనంతా ఖురాన్ చదివించడం, ఇంట్లో చావు కబురొస్తే పక్కన కూర్చోవడం, సిగ్గుతో ఎవరినీ అడగలేని మసలాలకు (మతపరమైన సందేహాలకు) జవాబు చెప్పడం. ఆడపిల్లలకు ఖురాన్ నేర్పే ఆపాలు మన ఊళ్లలో ఎప్పుడూ ఉన్నారు. ఖైదీల బాగోగులు ఇస్లాంకు కొత్త సంగతీ కాదు. నిలబడి నమాజు చేయలేనంతగా ఎవరికీ సంకెళ్లు వేయొద్దని ఎనిమిదో శతాబ్దం తొలినాళ్లలో ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ తన అధికారులకు రాశాడు.

విశాఖలో ఈ ప్రశ్నకు గంజాయి కేసులు మరో ముడి వేశాయి. మన్యం నుంచి సరుకు దాటిస్తూ పట్టుబడేవాళ్లలో పై రాష్ట్రాల ఆడవాళ్లూ ఉంటారు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 37వ సెక్షన్ కింద పెద్ద మొత్తం సరుకు కేసుల్లో బెయిలు గగనమే. ఊరు దూరం కాబట్టి ములాఖత్‌కు వచ్చేవాళ్లు తక్కువ. భర్త పోయిన కబురు వస్తే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌ను, అంటే భర్త పోయిన ఆడమనిషి ఇల్లు కదలకుండా ఉండాల్సిన గడువును, బ్యారక్‌లో ఎలా గడపాలో ఎవరిని అడగాలి? కోర్టు వాయిదాకు వెళ్లవచ్చా? లోపలే కన్నుమూస్తే గుస్ల్ (ఆఖరి స్నానం) ఎవరిస్తారు? ఆడ మయ్యత్‌కు (శవానికి) ఆడవాళ్లే స్నానం చేయించాలి.

రంజాన్ నెలలో సాయంత్రం లాకప్‌కు ముందే ఇఫ్తార్ పళ్లు, సహరీకి (తెల్లవారకముందు తినే భోజనానికి) అన్నం బ్యారక్‌లోకి పంపడం జైళ్లకు అలవాటైన పనే. కానీ నెలసరి రోజుల్లో రోజా ఉండకూడదు. అలా తప్పిన ఆరేడు రోజాలను పండగయ్యాక కజా చేసుకోవాలి, అంటే విడిగా ఉండి తీర్చుకోవాలి. అప్పటికి వంటశాలలో సహరీ వండటం ఆపేసి ఉంటారు. ఎవరికెన్ని బాకీ ఉన్నాయో రాసుకుని, ఆ రోజులకు అన్నం ముందుగా ఇమ్మని సూపరింటెండెంటుకు అర్జీ పెట్టాలి. ఈ లెక్క మగ మౌల్వీకి ఏ ఖైదీ చెబుతుంది?